ఆమె మాకేం కాదు

మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చితే చాలు, నాకు ఆ ఫంక్షన్ హాలు కనబడుతుంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు. పైన గాజు దీపాల గుత్తులు. స్టేజీ మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే బంగారు రంగు సోఫా. దాని వెనకాల తీసేయడం మరిచిపోయిన పూలదండలు. కింద వరుసగా ఎర్ర కుర్చీల్లో మనుషులు, ఎవరి పెళ్ళో తెలియక వచ్చి కూర్చున్నట్టు. ఎవరూ మాట్లాడరు. ఇప్పుడెవరో వచ్చి భోజనాలకు లేవండి అంటారేమోనని నేను చూస్తూ ఉంటాను. ఎవరూ రారు. ఫ్యాను గాలికి ఎండిన బంతిపూల రెక్కలు నేల మీద మెల్లగా జరుగుతుంటాయి. అక్కడ మెలకువ వస్తుంది. దానితో పాటే కోపమూ వస్తుంది.

మాది సిద్దిపేట బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ముందు దుకాణం, వెనక మేముండే ఇల్లు, పైన ఒక గది. ఆ గదిలో బెంగాల్ నుంచి వచ్చిన ఒక జంట కిరాయికి ఉంటారు. అతను బంగారు పని చేస్తాడు. నగల దుకాణాలవాళ్ళు అమ్ముతారు గానీ, అతుకులు పెట్టేదీ మెరుగు దిద్దేదీ చాలావరకు ఈ బెంగాలీలే. అతను పొద్దున్నే పనికి వెళ్ళిపోతే ఆమె మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ వాళ్ళ భాషలో ఏదో పాడుకునేది. ఆమె చేతులకు తెల్లని శంఖం గాజులు, వాటి పక్కన ఎర్ర గాజులు. చెయ్యి కదిలితే మా గాజుల్లా గలగలమనేవి కావు, మెత్తగా టక్కుటక్కుమనేవి. ఆ చప్పుడు వింటూ నేను ఎన్ని మధ్యాహ్నాలు కళ్ళు మూసుకున్నానో చెప్పలేను.

మా అత్తకు అందరూ కొడుకులే. ఆడబిడ్డ లేని ఇల్లు అని ఆమెకు ఎప్పుడూ ఒక వెలితి. ఆమె పుట్టిన ఊరు వేములఘాట్. ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఎండాకాలం సాయంత్రాలు గడపలో కూర్చుని, మా ఇంటి వెనక చింతచెట్టు ఇప్పుడు ఎంత లోతులో ఉండి ఉంటుందే అని నన్ను అడిగేది. నాకేం తెలుసు? చేపలకు తెలుసు అనేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

మా దిక్కు పెళ్ళయిన ఆడపిల్లను మూడో ఏటనో ఐదో ఏటనో పుట్టింటివాళ్ళు పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె బట్ట. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్ళతో ఆమె కొంగులో పోస్తారు. ఈ పిల్ల మాదే, దీనికి మేమున్నాం అని పదిమందిలో చెప్పడం అది. ఒకసారి మా గల్లీలో ఒకరింట్లో ఒడిబియ్యం పోస్తుంటే ఈ బెంగాలీ పిల్ల గడప బయట నిలబడి చూస్తూ ఉండిపోయింది. మా అత్త గమనించింది.

"మీ దిక్కు గిట్ల పోస్తరా బిడ్డా?"

"మాకు లేదు. మా అమ్మ కూడా లేదు," అంది ఆ పిల్ల. అప్పటికే మా మాట కొంచెం పట్టుబడింది ఆమెకు.

"నాకు పుట్టిల్లు నీళ్ళల్ల పాయె. నీకు దూరంల పాయె," అంది మా అత్త. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. శుక్రవారం పొద్దున లేచి చూస్తే బియ్యానికి పసుపు కలుపుతోంది.

గల్లీ ఆడవాళ్ళందరూ వచ్చారు. కొంగు బరువుకు ఆ పిల్ల నడుం వంగింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నేను నా కొంగుతో తుడిచాను. "ఏం అదృష్టమే నీది! పుట్టిల్లు కింద, అత్తిల్లు మీద. బస్సు చార్జి కూడ దండగ లేదు," అన్నాను. అందరూ నవ్వారు. ఒడి పట్టుకుని ఆమె ఒక్కో మెట్టూ ఎక్కి పోతుంటే మా అత్త కింద నిలబడి, గజ్వేల్ బస్సెక్కే కూతురిని చూసినట్టు చూసింది. ఆ రోజు నుంచి ఆమెకు మా అత్త అవ్వ, అంటే మా దిక్కు అమ్మ. నేను వదినె.

ఆ తరువాత ఫోన్లలో ఏవేవో తిరగడం మొదలైంది. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు ఊళ్ళల్లో దాక్కున్నారని, బెంగాలీ మాట్లాడితే నమ్మొద్దని. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమనేవాళ్ళకు మా బజారులో ఏం కొదవ? మా ఎదురుగా బట్టల దుకాణం సేటు రోజూ పేపరు మడుస్తూ ఇదే పాట.

"బయటోళ్ళు ఎక్కువైన్రమ్మా. ఏరి పంపియ్యాలె."

"సేటూ, నువ్వు గజ్వేల్ నుంచి మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన నాడు నిన్నెవరేరిన్రు?" అన్నాను. నా నోరు అట్లాంటిది. ఆయన పేపరు చంకలో పెట్టుకుని గద్దె మీదికి పోయి కూర్చున్నాడు.

ఒకరోజు పొద్దున రెండు బండ్లు వచ్చాయి. పై నుంచి వచ్చామన్నారు. ఏ ఆఫీసో, ఎవరి హుకుమో మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మనిషిని మాట్లాడించి, ఆ మాటను బట్టి ఏరారు. అతన్ని పని చేసే చోటు నుంచి తీసుకుపోయారు. ఆమెను మా మెట్ల మీద నుంచి. బియ్యం కడుగుతున్న చేతులు తడిగానే ఉన్నాయి. బండి ఎక్కుతూ వెనక్కి తిరిగి, "వదినె, పొయ్యి మీద పప్పున్నది," అంది. నేను పైకి పరుగెత్తి పొయ్యి ఆర్పి వచ్చేసరికి బండి లేదు.

ఊరి చివర ఫంక్షన్ హాలుకు తీసుకుపోయారని తెలిసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దుకాణం మా ఆయన మీద వదిలేసి నేనూ మా అత్తా బయలుదేరితే, గల్లీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెంట వచ్చారు. ఎవరినీ పిలవలేదు. ఆమె ఒడిలో తలా ఒక దోసిలి పోసినవాళ్ళే అందరూ. గేటు దగ్గర ఆపారు. అక్కడే నేల మీద కూర్చున్నాం.

"గిది పెండ్లిళ్ళు చేసే జాగ! గీడ మనుషులను బందీ పెడ్తరా?" అని నేను అరిచిన అరుపుకు లోపలి నుంచి ఒక అధికారి బయటికి వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, అలసిన ముఖం. మా వైపు మాట కాదు. ఆమె గురించి చెప్పేవాళ్ళెవరో ఒకరో ఇద్దరో లోపలికి రండి అన్నాడు. నేనూ మా అత్తా వెళ్ళాం. అప్పుడే చూశాను ఆ దీపాల గుత్తులనూ, ఎర్ర కుర్చీలనూ. ఎండ రంగుటద్దాల్లోంచి పడి ఒక్కొక్కరి ముఖం ఒక్కో రంగులో ఉంది. ఆ పిల్ల ముఖం ఆకుపచ్చగా, నీళ్ళలో నుంచి చూస్తున్నట్టు ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఈమె మీకేమవుతుంది?" అని అడిగాడు అధికారి.

"నా బిడ్డ," అంది మా అత్త.

"ఎక్కడ పుట్టింది?"

"ఈడనే, సిద్దిపేటల. మా ఇంట్లనే పుట్టింది."

మా గల్లీలో ఎంతటి పంచాయితీ అయినా ఒక పెద్ద మనిషి వచ్చి మా బిడ్డ అంటే అక్కడితో ఆగుతుంది. ఆ మాట మీద ఎవరూ మారు మాట్లాడరు. మా అత్త డెబ్బై ఏళ్ళు ఆ లెక్కనే బతికింది. కానీ ఇక్కడ అధికారి చేతిలో బెంగాల్ చిరునామాతో ఆ పిల్ల ఆధార్ కార్డు ఉంది. పుట్టిందీ అక్కడే అని ఆ పిల్ల అప్పటికే చెప్పింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

"అయితే ఈ కార్డు దొంగదా?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "కార్డే దొంగదైతే ఈమె ఏ దేశపు మనిషో నాకేం తెలుస్తుంది?"

సాయంత్రానికి పట్టుకొచ్చినవాళ్ళ ఊళ్ళకు ఫోన్లు చేసి, వివరాలు సరిపోయినవాళ్ళను విడిచిపెట్టారు. ఆమె భర్తనూ విడిచిపెట్టారు. ఆమెను మాత్రం ఉంచారు. మర్నాడు మధ్యాహ్నం హైదరాబాద్‌కు బండి, అక్కడి నుంచి సరిహద్దుకు. అతను గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఏడవడం కూడా చేతకాలేదు అతనికి. గేటు దగ్గర ఉన్న ఆడ కానిస్టేబుల్ మన దిక్కు పిల్లే. మా అత్త చెవి దగ్గర వంగి, "అవ్వా, పొద్దుగాల్నే వచ్చి నిన్న చెప్పింది అబద్దమని చెప్పు. ఆమె నీకేం కాదని చెప్పు. లేకుంటే బండెక్కిస్తరు," అంది.

ఇంటికి వచ్చాక మా అత్త అన్నం ముట్టలేదు.

"ఒడి నింపిన బిడ్డను కాదంటరా? నోట్ల పురుగులు పడతయ్."

"పడనీ అత్తమ్మా. కాదంటేనే పిల్ల ఇంటికొస్తది."

"నా ఊరు పోతుంటే కూడ గిట్లనే అడిగిన్రు. సంతకం పెట్టు, నీకేం కాదు అని. పెట్టినం. ఏమైంది?"

ఆమె మీద కోపం, ఆ అధికారి మీద కోపం, అన్నిటికంటే ఏమీ చేయలేని నా మీద కోపం. పైన గది నుంచి ఏ చప్పుడూ లేదు. నాకు ఆ ఇల్లంతా నీళ్ళలో మునిగి ఉన్నట్టనిపించింది.

పొద్దున మేము వెళ్ళేసరికి ఎదురు సేటు భార్య మాకంటే ముందే గేటు దగ్గర కూర్చుని ఉంది. "మా ఆయనను అడిగి రాలే," అంది నన్ను చూసి. హాలులో కుర్చీలు చాలా ఖాళీ అయ్యాయి. నిన్న ఒక మూల ఒక ముసలాయనా ఆయన కోడలూ ఉండేవాళ్ళు. వాళ్ళ కోసం అడిగేవాళ్ళెవరూ రాలేదు. తెల్లారేసరికి వాళ్ళను వేరే బండిలో పంపేశారట. వాళ్ళు ఏమయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రెండు కుర్చీల వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అధికారి మా అత్తనూ ఆ పిల్లనూ ఎదురెదురుగా నిలబెట్టాడు. స్టేజీ ముందర, పెళ్ళిలో అక్షింతలు వేసే చోట.

మా అత్త కొంగు సర్దుకుంది. ఆ పిల్ల ముఖం వైపు కాదు, ఆమె గాజుల వైపు చూస్తూ చెప్పింది. "నిన్న అబద్దం చెప్పిన సారు. పిల్ల మంచిదని చెప్పిన. నా బిడ్డ కాదు. నాకు ఆడపిల్లలే లేరు. మీద కిరాయికుంటది. గంతే. ఆమె మాకేం కాదు."

అధికారి ఆ పిల్ల వైపు తిరిగాడు. "నిజమేనా? ఈమె నీకేమవుతుంది?"

అవ్వ అంటుంది, అనేస్తుంది, అయిపోతుంది అనుకున్నాను. ఆమె మా అత్తను చాలాసేపు చూసింది. పైన గాజు దీపాలు ఫ్యాను గాలికి సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

"ఏం గాదు సారు," అంది. "ఓనరాంటీ."

మా సిద్దిపేట యాసలోనే అంది. ఒక్క తప్పు లేదు. వాళ్ళ ఊరికి ఫోను పోయింది. అవతల ఎవరో అవును, మా ఊరి పిల్లే అన్నారు. మధ్యాహ్నం బండి బయలుదేరడానికి కాస్త ముందు, పో అన్నారు. గేటు దాటేదాకా ఒకరినొకరు ముట్టుకోవద్దని మా అత్తకూ ఆ పిల్లకూ నేనే మెల్లగా చెప్పాను. మా అత్త ముందు నడిచింది. ఆ పిల్లా భర్తా వెనక, దూరంగా. గేటు దాటాక కూడా వాళ్ళు అట్లాగే నడిచారు. నేనే ఆటోలో మా అత్తనూ ఆ పిల్లనూ పక్కపక్కన తోసి కూర్చోబెట్టాను.

వాళ్ళు ఇప్పటికీ మా పైగదిలోనే ఉన్నారు. మెట్ల మీద గాజుల చప్పుడు మళ్ళీ వినబడుతుంది. మొన్న కరెంటు మీటరు చూసే అతను ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె మెట్ల మీద నుంచి లేచి నిలబడి, "ఓనరాంటీ, ఎవరో వచ్చిన్రు," అని కేకేసింది. లోపల మా అత్త పలకలేదు. నేనే వెళ్ళి మీటరు చూపించాను. అతను పోయాక మా అత్త గడపలోకి వచ్చింది.

"పోయిండు కదనే. ఇగ మంచిగ పిలువు," అంది.

ఆ పిల్ల గల్లీ ఆ చివర చూసింది. ఈ చివర చూసింది. ఎవరూ లేరు. అప్పుడు, మా ఇద్దరికి మాత్రమే వినబడేటట్టు, అవ్వా అంది.