కంట్లో గడ్డిముల్లు

కుప్పం దాటి అడవివైపు పోయే బండిదారి పక్కన, గడ్డిలో బోర్లా పడుకుని ఉండగా నా ఎడమ కంట్లో ఏదో గుచ్చుకుంది. చీమ కుట్టినంత నొప్పి, అంతే. రెండో ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి.

నాకు పుంగనూరులో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పీనుగులు, అదే బతుకుదెరువు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దవడకు గుడ్డ కట్టి ఫొటోలు తీసి తీసి మనుషుల ముఖాలంటేనే మొహం మొత్తింది. అందుకే తీరిక దొరికితే కెమెరా భుజాన వేసుకుని బీళ్లలోకి పోయి అడవిగడ్డి ఫొటోలు తీసేవాణ్ణి. బెల్లోస్ అనే మడతల తోలుతిత్తిని చివరిదాకా సాగదీసి, లెన్సును గడ్డికి జానెడు దూరంలో పెడితే, పశువులు కూడా ముట్టని కంకి, కెమెరా వెనకుండే అద్దం మీద తలకిందులుగా, నెమలి ఈకంత వెడల్పుగా కనబడేది. దాని నూగు, ముల్లు, దానికి వేలాడే మంచుబొట్టు, అన్నీ. "గడ్డికి పటం తీసే పిచ్చోడు" అని ఊళ్లో నవ్వేవాళ్లు. నా భార్య రత్నమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆ రోజు ఈటెమొనల్లాంటి ముళ్లుండే గడ్డి దగ్గర, గాలి ఎప్పుడు నిలబడుతుందా అని కాచుకుని ఉన్నాను. కెమెరా మీద కప్పుకున్న నల్లగుడ్డలోంచి తల బయటికి తీశానో లేదో గాలి తిరిగి కంకి కంటికి కొట్టుకుంది. కన్ను నలుపుకున్నాను. నీళ్లు కారాయి.

పెట్రోలు కరువులో బొగ్గుపొగతో నడిచే బస్సులో పుంగనూరు చేరేసరికి కన్ను చింతనిప్పయింది. మా అత్త, అంటే రత్నమ్మ తల్లి, కళ్లకు వైద్యం చేసే ఒకామెను పిలుచుకొచ్చింది. ఆమె నోటినిండా ఆకువక్క.

"కదలాకప్పా. నాలికతో తీసేస్తా," అంటూ రెప్పలు విప్పింది.

వెచ్చటి గరుకు నాలిక నా కనుగుడ్డు మీద తిరిగింది. సున్నం, పొగాకు కలిసిన వాసన ముక్కులోకి కొట్టింది. ఆమె అరచేతిలో ఉమ్మి, ఆ ఎర్రటి ఉమ్మిలో నల్లటి పీచొకటి చూపించింది. "ఇదో సూడు, ఈడుండాది నీ ముల్లు." ఇప్పటికీ ఆ నాలిక గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

తరువాత ఆకుపసరు పోశారు. దాని మీద పక్కింటి బాలింత పాలు పిండారు.

వారం తిరక్కుండానే రెప్పలు అతుక్కుపోయాయి. తడిగుడ్డతో విప్పితే పచ్చటి చీము చెంప మీదికి జారేది. ఈగలు ముసిరేవి. నా తలగడ వాసన నేనే భరించలేకపోయాను. చూడవచ్చిన చుట్టాలు "ఒకసారి విప్పి సూపించప్పా" అనేవాళ్లు. చూసి, ముక్కు మూసుకుని, గడప దాటకముందే ఉమ్మేవాళ్లు. నా శరీరం మీద ఎంత రోత పుట్టిందో, వాళ్ల మీద అంతకు రెండింతలు పుట్టింది.

రత్నమ్మ మదనపల్లె ఆసుపత్రికి ప్రయాణం కట్టింది. మా అత్త అడ్డుపడింది. "ఆడికి పోతే కన్ను పెరికేస్తారంట!"

"ఈడుంటే మనిషే పోతాడు," అంది రత్నమ్మ.

ఆసుపత్రిలో కంటి డాక్టరు టార్చి వేసి చూసి ముందుగా అడిగిన మాట, "ఇందులో ఏమేం పోశారు?" రత్నమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన ముఖం చిట్లించుకున్నాడు. "కార్నియల్ అల్సర్, నల్లగుడ్డు మీద పుండు. లోపల హైపోపియన్ కూడా ఉంది, అంటే నల్లగుడ్డు వెనక చీము నిలిచింది. ముల్లు కొంత చేసింది. మిగతాది మీరు చేశారు."

అట్రోపిన్ చుక్కలు వేశారు, వేడి కాపడం పెట్టారు. చీము తగ్గడానికిచ్చిన సల్ఫా మాత్రలు మింగితే తిన్నదంతా కక్కేవాణ్ణి. ఒక ఉదయం గట్టిగా దగ్గాను. కంట్లో ఏదో చిట్లినట్టయి, వెచ్చగా కారింది. నొప్పి హాయిగా తగ్గిపోయింది. నయమవుతోందని సంబరపడ్డాను.

డాక్టరు కట్టు విప్పి టార్చి వేసి చూశాడు. "పర్ఫొరేషన్ అయింది, గుడ్డుకు చిల్లు పడింది. ఇక చూపు రాదు. ఉంచుకుంటే చీము ఇంకా లోపలికి పాకుతుంది. ఎవిసరేషన్ చేసి లోపలున్నదంతా తీసెయ్యాలి."

"రెండో కన్ను, సార్?"

"ఇప్పటికి బాగుంది. బాగుండాలంటే ఆలస్యం చెయ్యొద్దు."

కంటి చుట్టూ మత్తుసూది ఇచ్చారు గానీ నేను మెలకువగానే ఉన్నాను. నొప్పి తెలియలేదు. కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు మాత్రం వినిపించింది.

ఇంటికొచ్చాక ఆ గుంట కడిగే పని రత్నమ్మ మీద పడింది. మొదటిరోజు కడిగి, పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె మూతి కడుక్కుని వచ్చింది.

"నీకు రోతైతే వద్దులే. నేనే కడుక్కుంటా," అన్నాను.

"రోతగానే ఉండాది బావా. అబద్ధం యాల చెప్పాల? రేపు గూడా నేనే కడగతా. ఇట్ల తిరుగు, కట్టు కట్టాల."

అంతమంది "అయ్యో పాపం"లలో నాకు కడుపులో కుదురుగా నిలిచిన మాట అదొక్కటే.

గుంట మానాక గాజుకన్ను పెట్టించుకున్నాను. ఒంటికంటికి దూరాలు తెలియవు. చాన్నాళ్లు నీళ్లు గ్లాసులో పోయబోయి పక్కన పోశాను. గడ్డిని పట్టుకోబోతే చేతికి గాలి తగిలేది. ఇప్పుడు లెన్సు దగ్గర్నుంచి కంకిదాకా దారం పట్టి కొలిచి ఫొటో తీస్తున్నాను. కళ్లకు సాదా అద్దాలు లేనిదే గడ్డి దగ్గరికి వంగను.

మొన్న పెద్దపంజాణిలో బంధువుల కళ్లంలో రాగులు తూర్పారబడుతుంటే ఒక అమ్మాయి కంట్లో పొట్టు పడింది. ఆమె తండ్రి అప్పటికే ఆకు నలుపుతున్నాడు. నేను గాజుకన్ను తీసి అరచేతిలో పెట్టి, ఖాళీ గుంటతోనే అతని ముందు నిలబడ్డాను. "పసరు పోయించుకుంటే నాకు మిగిలింది ఇదప్పా." ఆడవాళ్లు కెవ్వుమని ముఖాలు తిప్పుకున్నారు. తండ్రి ఆకు కింద పారేశాడు. రత్నమ్మ కాచి చల్లార్చిన నీళ్లతో ఆ కన్ను కడిగింది. మరునాటికీ ఎరుపు తగ్గకపోతే మదనపల్లె పంపించాం. చుక్కల మందుతో పిల్ల కన్ను నిలిచింది.

మీకూ చెప్పేది ఇదే. కంట్లో గడ్డి గానీ పొట్టు గానీ పడితే నలపకండి. కాచి చల్లార్చిన నీళ్లతో కడగండి. పాలు, పసరు, ఒకరి నాలిక, ఏదీ దగ్గరికి రానివ్వకండి. తెల్లారేసరికి తగ్గకపోతే బస్సెక్కండి. వైద్యం చేస్తామని వచ్చినవాళ్లకు కోపమొస్తే రానీండి. కోపం నాలుగు రోజులకు పోతుంది. పోయిన కన్ను రాదు.