బటన్ పందిలి

తిరుపతి బస్టాండు వెనక వీధిలో ఏళ్ళ తరబడి మెస్సు నడిపిన చంద్రకాంతమ్మకు మనుషుల మీద గౌరవం పెద్దగా మిగల్లేదు. కొండెక్కే ముందు రసం పల్చగా ఉందని కేకలేసినవాడే, గుండు చేయించుకుని దిగొచ్చాక నుదుట నామంతో కూర్చుని అదే రసం మళ్ళీ మళ్ళీ పోయించుకునేవాడు. మొదటి ముద్ద కలిపే తీరులోనే మనిషి బతుకంతా తనకు తెలిసిపోతుందని ఆమె నమ్మకం. అలా తెలిసిన బతుకుల్లో ఒక్కటీ ఆమెకు నచ్చలేదు.

అందరికంటే తక్కువగా లెక్కగట్టింది మాత్రం కట్టుకున్నవాణ్ణి. ఆమె మొగుడు బాలసుబ్రమణ్యం ఒక లాడ్జి కౌంటర్లో పనిచేసేవాడు. గదులు ఖాళీ లేవని బోర్డు తగిలించిన రోజున కూడా, చంకన బిడ్డతో ఎవరైనా వచ్చి నిలబడితే తను పడుకునే గది తాళం వాళ్ళకిచ్చి మెట్ల కింద చాప వేసుకునేవాడు. ఓనరు కొన్నాళ్ళు చూసి, ఇంక రావద్దన్నాడు. ఆ కబురు ఇంట్లో చెప్పేటప్పుడు కూడా అతని నోట ఓనరును తిట్టే మాట రాలేదు.

"ఆయనకుండే కష్టాలు ఆయనకుండాయిలే" అన్నాడు.

చింతపండు పిసుకుతున్న చంద్రకాంతమ్మ తలెత్తకుండానే, "నీ నెత్తిన కూర్చుని ఎవుడన్నా గుండు గొరిగినా, కత్తి బాగుండాదప్పా అంటావు నువ్వు" అంది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మెస్సులో ముందు సగం పోయింది. మిగిలిన సగంలో ఆమె పొయ్యి వెలిగించలేదు. ఒక పాత స్కూలు బస్సు కొని, చిత్తూరులో బాడీ కట్టే షెడ్డుకు తోలించింది. సీట్లు పీకించి, పడుకోవడానికి బల్లలు, వెనక వంటగట్టు, మూలన కక్కసు పెట్టించింది. కుటుంబాలకు కుటుంబాలు అద్దెకు తీసుకుని కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన తిరిగే ఇల్లు బండి అది. రెండువేల అయిదో సంవత్సరంలో ఆ చుట్టుపక్కల అలాంటి బండి ఇంకొకటి లేదు. వంట ఆమెది, స్టీరింగు బాలసుబ్రమణ్యానిది. ఎదురొచ్చిన ప్రతి లారీకీ, చివరికి ఎద్దులబండికి కూడా అతను పక్కకు తీసి దారిచ్చేవాడు. వెనక నుంచి ఆమె, "దిగి దండం కూడా పెట్టు" అని అరిచేది.

బండితో ఒకటే చిక్కు. మధ్యాహ్నం భోజనాలకు ఆపితే లోపల ఉడుకు, బయట ఎండ. బాలసుబ్రమణ్యం టార్పాలిన్ పట్ట ఒకటి తెచ్చి, ఒక అంచు బండికీ రెండో అంచు ఏ చెట్టుకో కట్టేవాడు. చెట్టు లేని చోట గుంజలు పాతేవాడు. అతను కట్టేలోపు పప్పు చల్లారిపోయేది.

చంద్రకాంతమ్మ తమ్ముడు గిరిప్రసాద్ బెంగుళూరులో అంగళ్ళ ముందు చుట్టుడు పందిళ్ళు బిగించే పనిలో ఉన్నాడు. ఒకసారి కొండకొచ్చి, అక్క ఇంట్లో దిగి, బండి చుట్టూ తిరిగి చూశాడు.

"అక్కా, దీనికి పక్కన పందిలి పెట్టిస్తే సరిపోతాది. గుడ్డంతా టాపు కిందనే గొట్టానికి సుట్టుకుని ఉంటాది. రెండు ఇనప చేతులు మడత విప్పుకుని దాన్ని ముందుకు తోస్తాయి. రెండు రకాలుండాయి. ఒకటి హ్యాండిల్ తగిలించి మనమే తిప్పల్ల. రెండోది మోటారుది. బటన్ నొక్కితే బయటికొస్తాది, మళ్ళా నొక్కితే లోపలికి పోతాది."

తమ్ముడి మీద కూడా ఆమెకు నమ్మకం లేదు. వాడు చిన్నప్పుడే చెల్లని గోళీలు అంటగట్టే రకం. మోటారు అనేటప్పుడు వాడి కళ్ళలో వెలుగు చూసి, చేత్తో తిప్పేదే చాలని నోటి దాకా వచ్చింది. అంతలో బాలసుబ్రమణ్యం గొంతు సవరించుకున్నాడు.

"నన్నడిగితే సేత్తో తిప్పేదే మేలు గిరీ. గాలి ఎక్కువైతే సేతికే తెలస్తాది. మోటారంటే బ్యాటరీ ఉండల్ల, అది సెడిపోతే ఇంకోటి ఉండల్ల..."

"నిన్నడిగిందెవురు?" అంది చంద్రకాంతమ్మ. "తిప్పేదెవురు, నువ్వా? తిప్పతా తిప్పతా దారిన పోయేవాడెవుడన్నా పలకరిస్తే హ్యాండిల్ వదిలేసి వాని పిల్లల సదువులు అడగతావు. జనాలు ఎండలో మాడల్ల. గిరీ, మోటారుదే పెట్టించు."

ఆ నిర్ణయం అలా జరిగింది. బండికి ఏది నప్పుతుందో, దారుల్లో ఏది నిలుస్తుందో ఆమె ఆలోచించలేదు. మొగుడి నోటి నుంచి వచ్చిన మాట సరైనది కాగలదన్న ఊహే ఆమెకు ఎబ్బెట్టుగా తోచింది.

బిగించిన రోజు గిరిప్రసాద్ ఒక పొడుగాటి కమ్మీ చేతికిచ్చాడు. "మోటారు మొరాయిస్తే దీంతో తిప్పుకోవచ్చక్కా. బండిలోనే ఉంచండి." ఆమె దాన్ని తీసుకెళ్ళి ఇంటి అటక మీదికి విసిరేసింది. కళ్ళ ముందుంటే ఈ మనిషి బటన్ మానేసి దాన్నే పట్టుకు వేలాడతాడని ఆమె అనుమానం.

కొన్నాళ్ళు బాగానే సాగింది. కాణిపాకంలో బండి ఆపి ఆమె బటన్ నొక్కగానే ఎర్రచారల గుడ్డ బుస్సుమంటూ విచ్చుకుంటే, దర్శనానికి పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. "గుడ్డే కదప్పా, ఎప్పుడూ సూళ్ళేదా" అని ఆమె కసిరేది. అయినా బటన్ మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

మరుసటి జనవరిలో హైదరాబాదు నుంచి రూపేష్ అనే కుర్రాడు, భార్య నందినినీ, నడవలేని నాయనమ్మనూ వెంటబెట్టుకుని వచ్చాడు. దర్శనం అయ్యాక పులికాట్ సరస్సులో రాజహంసలు చూడాలన్నారు. ఇంట్లో కాకికి మెతుకు వెయ్యనివాళ్ళు పక్షుల కోసం ఇంత దూరం పోవడమేమిటని చంద్రకాంతమ్మ దారి పొడుగునా గొణిగింది. మొదటి ముద్ద కలపకముందే ఆమెకు ఆ కుర్రాడు తెలిసిపోయాడు. కూర గిన్నెలో చెంచా పెట్టి ముక్కలన్నీ తన వైపు లాక్కున్నాడు.

సూళ్లూరుపేట దాటి, సరస్సు ఒడ్డున బండి ఆపారు. దూరాన నీళ్ళలో పక్షులు గులాబి రంగు గీతలా నిలబడి ఉన్నాయి. చంద్రకాంతమ్మ బటన్ నొక్కింది. పందిరి విచ్చుకుంది. దాని కింద కుర్చీ వేసి ముసలమ్మను కూర్చోబెట్టారు. నందిని కెమెరా పట్టుకుని నీళ్ళ అంచుకు పోయింది. రూపేష్ మాత్రం లోపల ఫ్యాను వేసుకుని, టీవీలో సీడీ పెట్టుకుని సినిమా చూస్తూ పడుకున్నాడు.

బాలసుబ్రమణ్యం కిటికీ దగ్గర నిలబడి, "బాబూ, పందిలికీ ఈ టీవీకీ ఒకటే బ్యాటరీ. ఇంజన్ ఆపినాము కదా, కొంచెంసేపు ఆపితే బాగుండు" అన్నాడు.

"అయిపోవచ్చింది అంకుల్. క్లైమాక్సే."

"సరే, సరే. సూడు నాయనా."

వంటగట్టు దగ్గర చేపలు వేయిస్తూ ఈ మాటలు విన్న చంద్రకాంతమ్మ పెదవి విరిచింది. తను వెళ్ళి ఆపించవచ్చు. కానీ ఆపించలేని మొగుణ్ణి చూసి ఈసడించుకోవడంలోనే ఆమెకు ఎక్కువ తృప్తి.

భోజనాలు అవుతుండగా సరస్సు మీద మబ్బు కమ్మింది. అంతవరకు చల్లగా వీస్తున్న గాలి ఒక్కసారిగా ఈడ్చి కొట్టింది. పందిరి గుడ్డ ఉబ్బింది. ఇనప చేతులు కిర్రుమన్నాయి. బండి పక్కకు ఊగింది. చంద్రకాంతమ్మ పరుగున పోయి బటన్ నొక్కింది. మోటారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కింది. చప్పుడే లేదు. బొటనవేలు నొప్పి పుట్టేదాకా నొక్కింది.

ముసలమ్మ కుర్చీలోంచి లేవలేక అరుస్తోంది. గుడ్డ ముందు అంచున ఉన్న బరువైన ఇనప కడ్డీ ఆమె తల మీద ఎగిరి ఎగిరి పడుతోంది. బాలసుబ్రమణ్యం ఒక్క దూకులో వచ్చి ఆ కడ్డీని పట్టుకుని వేలాడాడు. గాలి అతన్ని కూడా లేపింది. కాళ్ళు నేల విడిచాయి. ఇంకో విసురుకు ఇనప చెయ్యి ఫట్టున మడుచుకుంది. దాని కీలు మధ్య అతని కుడిచేతి వేళ్ళు ఇరుక్కున్నాయి.

"ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుండాదా, వదిలెయ్! దాన్నెందుకు పట్టుకున్నావు, నేను ముందే..." అని చంద్రకాంతమ్మ మొదలుపెట్టింది.

"నోరు మూసుకుని కత్తి తే!"

ఆ గొంతు ఎవరిదో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషిలో అలాంటి గొంతు ఒకటుందని ఆమె ఎరగదు. పరిగెత్తి వంటగట్టు మీది కత్తి తెచ్చింది.

"గుడ్డ కొయ్. గొట్టం కాణ్ణించి కొయ్. ఊఁ, పైకెక్కు!"

ఆమె బండి చక్రం మీద కాలేసి పైకెక్కి గుడ్డను ఒక కొస నుంచి చీల్చుకుంటూ పోయింది. సగానికి వచ్చేసరికి మిగిలింది గాలే చింపుకుంది. ఎర్రచారల గుడ్డ కడ్డీ నుంచి కూడా పీక్కుని నీళ్ళ మీదికి ఎగిరింది. అది పక్కన పడగానే రాజహంసల గుంపు మొత్తం ఒక్కసారి లేచి దక్షిణం వైపు వెళ్ళిపోయింది. గుడ్డ లేని ఇనప చెయ్యి సడలింది. బాలసుబ్రమణ్యం వేళ్ళు బయటికి తీసుకుని, ముందు ముసలమ్మను ఎడమచేత్తో లేపి బండెక్కించాడు. ఆ తర్వాతే తన చెయ్యి చూసుకున్నాడు.

రూపేష్ అప్పుడు దిగాడు. ఖాళీ సరస్సును చూశాడు.

"అయ్యో ఆంటీ, పక్షులన్నీ పోయాయి కదా. మేం సరిగ్గా చూడనే లేదు. దీనికి ఏమైనా తగ్గిస్తారా?"

చంద్రకాంతమ్మ అతన్ని ఆపాదమస్తకం చూసింది. జీవితమంతా పోగేసుకున్న తిట్లలో ఏదీ అతనికి సరిపోయేంత చిన్నది దొరకలేదు. "బండెక్కు" అని మాత్రం అంది. దారిన పోతూ ఆగిన లారీ డ్రైవరొకరు జాలిపడి, తన లారీ బ్యాటరీకి వైరు తగిలించి బండి స్టార్టు చేసి, సూళ్లూరుపేట ఆసుపత్రి దాకా తోలాడు. లారీలన్నింటికీ దారిచ్చిన పుణ్యం ఇదేమోనని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

రెండు వేళ్ళు విరిగాయి. ఒకటి సరిగ్గా అతుక్కోలేదు. కబురు తెలిసి గిరిప్రసాద్ వచ్చాడు. గాలికి పోయినదానికి కంపెనీ పూచీ లేదనీ, కమ్మీ దగ్గరుంటే ఇంత జరిగేది కాదనీ అన్నాడు. ఆమె అటక ఎక్కి కమ్మీ దించి వాడి ముందు పడేసింది.

"ఇది తీసకపో. మీ మోటారూ తీసకపో. సేత్తో తిప్పేది పెట్టు."

"బావ అప్పుడే సెప్పినాడు కదక్కా."

"నీ బావ సానా సెప్తాడు. పెట్టు."

కొత్త పందిరి వచ్చింది. బాలసుబ్రమణ్యం కుడిచెయ్యి పిడికిలి పట్టదు కాబట్టి హ్యాండిల్ తిప్పడం ఆమె వంతయింది. ఎండలో నిలబడి, భుజం లాగుతుంటే తిప్పేది. అతను పక్కన రాయి మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో వాళ్ళ పిల్లల చదువుల గురించి మాట్లాడేవాడు. మళ్ళీ మునుపటి మెతక మనిషే. ఎవరు ఏం అడిగినా సరే, సరే.

ఆమె తిట్లు మాత్రం ఎక్కువయ్యాయి. అన్నం పెడుతూ, బండి కడుగుతూ, హ్యాండిల్ తిప్పుతూ తిడుతూనే ఉండేది. "కూర్సోని కబుర్లు సెప్పేదానికైతే రెండు సేతులూ బాగుండాయి, ఎడం సేత్తోనన్నా తిప్పు" అనేది. అని ఊరుకోకుండా, చేతిలో పని ఆపి ఓరగా అతని మొహం చూసేది. సరస్సు ఒడ్డున విన్న ఆ గొంతు ఇంకొక్కసారి లేస్తుందేమోనని ఆగి చూసేది.

"ఉండు, వస్తాండా" అని అతను నవ్వుతూ లేచి వచ్చేవాడు.

"ఛీ" అనుకుని ఆమె మళ్ళీ తిప్పేది.