సుగుణమ్మ గారి అడుగుకు అడ్డం పెట్టిన కాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. పొద్దున హన్మకొండలో నా ఫిజియోథెరపీ క్లినిక్, సాయంత్రాలు కాజీపేటలో హోమ్ విజిట్లు. అలా నా చేతికి వచ్చిన కేసు సుగుణమ్మ గారిది. అరవై ఆరేళ్ల మనిషి, ఐదేళ్లుగా పార్కిన్సన్స్. భర్త జోసెఫ్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇన్నేళ్ల వృత్తిలో ఆయన విసిగించినంతగా నన్ను ఇంకెవరూ విసిగించలేదు.

మొదటిరోజే ఆయన తేల్చి చెప్పేశారు.

"మేడం, ఈమె కాళ్లకు ఏం కాలే. మెట్లు మంచిగనే ఎక్కుతది. గడప కాడికి రాంగనే బొమ్మ లెక్క నిలబడ్తది. నాటకం గాకపోతే ఏంది?"

సుగుణమ్మ గారు ఒళ్లో వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

దీన్ని మేము ఫ్రీజింగ్ అంటాం. నడవాలని మనసులో ఉన్నా పాదాలు నేలకు అతుక్కుపోతాయి. గుమ్మాలు, ఇరుకు చోట్లు, మలుపుల దగ్గర ఎక్కువ. మెట్ల మీద అయితే ప్రతి మెట్టూ కంటికి ఒక గుర్తు కాబట్టి కాలు లేస్తుంది. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు. నేను బ్యాగు సర్దుకునేలోపే ఆమె చెయ్యి పట్టుకుని బాత్రూమ్ వైపు లాగుతున్నారు.

"లాగొద్దు అంకుల్. లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి. పడిపోతారు."

"మరి టైమైతాంది గదా మేడం."

దేనికి టైమవుతోందో నాకు ఈనాటికీ తెలియదు.

గుమ్మాల దగ్గర నేల మీద అడుగుకొకటి చొప్పున రంగు టేపు పట్టీలు అంటించాను. ఆమె వాటిని చూసుకుంటూ, ఒక్కో పట్టీ దాటుతూ బాగానే నడిచారు. తర్వాతి విజిట్‌కు వెళ్తే పట్టీలు లేవు.

"ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం. నలుగురొస్తరు. గచ్చు మీద గవి మంచిగుంటయా?" అన్నారాయన.

మళ్లీ అంటించాను. ఆయన మళ్లీ పీకేశారు. మూడోసారికి నాకు మాట్లాడే ఓపిక కూడా లేకపోయింది.

ఒక ఉదయం ఆయనే ఫోన్ చేశారు. "పడ్డది మేడం." బాత్రూమ్ గుమ్మం దగ్గర ఆమె ఆగిపోతే ఈయన లాగారు. మణికట్టు విరిగింది.

కట్టుతో ఉన్న ఆమెను చూడగానే నా నోరు ఆగలేదు. "ఎన్నిసార్లు చెప్పాలి అంకుల్? ఈ చెయ్యి విరగ్గొట్టింది రోగం కాదు, మీరు." ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు.

"ఆయన్ని అనకు బిడ్డా," అన్నారు సుగుణమ్మ గారు. రోగం వల్ల ఆమె గొంతు బాగా సన్నబడింది, దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది. "నాటకమైతే నేనే ఎప్పుడో ఒకనాడు మానేస్త గదా. రోగమంటే ఇగ పోదాయె. గందుకే ఆయన ఒప్పుకోడు. నేను ఆగితే ఆయనకు గుండె దడ."

నాకు సిగ్గేసింది. లాగొద్దని వందసార్లు చెప్పాను. మరేం చెయ్యాలో ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

ఆయన్ని లోపలికి పిలిచి, బాత్రూమ్ గుమ్మం దగ్గర ఆమె పక్కన నిలబెట్టాను. "ఆంటీ ఆగితే మీరూ ఆగండి. చెయ్యి లాగకుండా నడుము దగ్గర ఆసరా ఇవ్వండి. ఆమె నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకున్నాక, మీ కాలు ఆమె పాదం ముందు అడ్డంగా పెట్టి దాటమనండి."

ఆయన అనుమానంగానే పాదం పెట్టారు. సుగుణమ్మ గారు దాన్ని చూశారు, కాలెత్తి దాటారు. ఆయన రెండో పాదం పెట్టారు. దాన్నీ దాటారు. గుమ్మం అవతలికి చేరాక కూడా జోసెఫ్ గారు ఇంకో పాదం పెట్టబోయారు.

కట్టు విప్పిన తర్వాతి ఆదివారం చర్చి గుమ్మంలో ఆమె ఆగిపోయారట. ఈయన కాలు అడ్డం పెట్టగానే సంఘ పెద్ద ఒకాయన కోప్పడ్డారట. "ఏందన్నా, వదినను పడగొడ్తవా?"

"జర ఆగు తమ్మీ. ఆమెకు టైమియ్యాలె," అన్నారట ఈయన.

ఆ మాట నాకు చెప్పింది సుగుణమ్మ గారే, నవ్వుతూ. ఆమె ఇప్పటికీ ఆగిపోతూనే ఉంటారు. ఆయనతో నాకు ఇప్పటికీ ఏదో ఒక దానికి వాదన తప్పదు. కానీ ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, ఇంట్లోవాళ్లకు ఏం చెయ్యకూడదో చెప్పేముందు, ఏం చెయ్యాలో ఒక్కటైనా వాళ్ల చేత చేయించి చూపిస్తున్నాను.