అన్నిటికీ ఒక స్పేరు

లోకంలో ఏ వస్తువైనా ఒక్కటే ఉంటే హన్మాండ్లుకు ప్రాణం నిలవదు. చేతికి రెండు గడియారాలు, నడుముకు రెండు బెల్టులు, జేబులో రెండు కళ్లజోళ్లు. ఏడాదికి నాలుగు చినుకులు రాలని దుబాయ్‌లో రెండు గొడుగులు. హోటల్లో చాయ్ కూడా రెండు కప్పులు చెప్పి ఒకటి పక్కన పెట్టుకుంటాడు. అదేమిటంటే "ఇది ఒలికితే?" అంటాడు. పన్నెండేళ్లలో ఒక్కసారీ ఒలకలేదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. జెబెల్ అలీ రేవు దగ్గర ఓడల విడిభాగాల గోదాములో ఆయన స్టోర్‌కీపర్. విమానాలను వీపున మోస్తూ అణుశక్తితో నడిచే అమెరికా యుద్ధనౌక రేవుకు వచ్చిందంటే, పంపులకు రబ్బరు రింగులూ వంటగది యంత్రాలకు బెల్టులూ ఇక్కడి నుంచే పోతాయి. ఆయన కింద ప్యాకింగ్ చేసే రత్నాకర్‌కు ఈ స్పేర్ల పిచ్చి చూస్తే నవ్వాగదు.

"అన్నా, ఆ ఓడ ఇరవై ఏండ్లు నూనె అడగదట గదా. దానికి స్పేర్లెందుకే?"

"నూనె అడగదు. వాషర్ అరగదా? ఐదువేల మంది తినే ఓడరా అది. వంటింట్ల బెల్టు తెగితే అణుశక్తి వచ్చి పిండి పిసుకుతదా?"

"మరి ఆ అణుపొయ్యికి స్పేర్ ఉన్నదా?"

హన్మాండ్లు మొహం వెలిగిపోయింది. "రెండు పెట్టిండ్రు! సూసినవా, అమెరికోడు గూడ నా లెక్కనే!"

2014 మే నెలలో ఆ ఓడ వస్తుందని అందరి సెలవులూ రద్దు చేశారు. రత్నాకర్ నవ్వు ఆగిపోయింది. అతను దుబాయ్ వచ్చాక పుట్టిన కూతురు నవతకు మూడేళ్లు నిండాయి. ఫోన్లో చూడడమే తప్ప ఒక్కసారీ ఎత్తుకోలేదు.

ఒక శుక్రవారం పొద్దున పదిన్నరకు సూపర్‌వైజర్ జిలానీ బాషా వాళ్లుండే లేబర్ క్యాంపు గదికి వచ్చాడు.

"రత్నాకర్, ఓడ పది దినాలు లేటంట. మూడు గంటల ఫ్లైటుకు నీకు టికెట్ తీసినా. యల్లా, బిడ్డను చూసిరా పో. ఇప్పుడు పోకుంటే మళ్లా వచ్చే సంవత్సరమే."

రత్నాకర్ లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా నైఫ్ బజారులో దుకాణాలు తెరవరు.

"నేను పోను సార్. ఇంకెవరినన్న పంపుండ్రి."

"పిచ్చా నీకు?"

"మొదటిసారి నా బిడ్డ ముంగట ఉత్త చేతులతోని ఎట్ల నిలవడాలె సార్?" అన్నాడు రత్నాకర్.

హన్మాండ్లు తన మంచం కిందికి దూరి, తాళ్లతో బిగించిన పెద్ద అట్టపెట్టెను బయటికి లాగాడు. పెట్టె మీద పేరు రాయలేదు.

"ఇది నీ పెట్టె గదా అన్నా?"

"నాది ఎనకున్నది. ఇది స్పేరు. గదిల పదిమందిమి ఉన్నం. ఎవనికి ఎప్పుడు పిలుపొస్తదో ఎవనికెర్క?"

"ఇట్లాంటి స్పేరు పెట్టెతో పోయేవాళ్లలో నువ్వు నాలుగోవాడివి. ఎవరికీ చెప్పొద్దంటాడు" అన్నాడు జిలానీ బాషా.

తాడు విప్పితే చీరలు, చొక్కాలు, ఉన్ని దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు, అన్నీ జతలు జతలుగా ఉన్నాయి. చిన్న గౌన్లు మాత్రం మూడున్నాయి.

"ఎవని బిడ్డ ఎంతుంటదో తెల్వక మూడు సైజులు కొన్న" అన్నాడు హన్మాండ్లు, తప్పు చేసినవాడిలా.

ఇన్నేళ్లూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు రత్నాకర్‌కు సిగ్గేసింది. "అన్నా..." అంటూ చేతులు పట్టుకున్నాడు.

"ఖలాస్, ఖలాస్. తానం జెయ్‌పో."

తీరా తూకం వేస్తే ముప్పై ఆరు కిలోలు. టికెట్‌కు ముప్పయ్యే. ఒక దుప్పటి తీసేద్దామంటే హన్మాండ్లు ఒప్పుకుంటేనా! "తూకం పెట్టెకేగని మనిషికి గాదు గదరా!"

ఆ మధ్యాహ్నం, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, ఒంటి మీద మూడు చొక్కాలు, భుజాల మీద రెండు ఉన్ని దుప్పట్లతో రత్నాకర్ ఎయిర్‌పోర్టు గుమ్మం ఎక్కాడు. కాపలాదారు జాలిపడి, "జ్వరమా భాయ్?" అని హిందీలో అడిగాడు.

రత్నాకర్‌కు సంబరంలో హిందీ గుర్తు రాలేదు. "నా బిడ్డను సూడబోతున్న" అని తెలుగులోనే చెప్పి, చెమటలు కారుతుండగా నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.