దేవుడి వంతు లెక్క

నయాపైసలు వచ్చిన కొత్తలో మా ఐదో తరగతిలోకి శాతాలు వచ్చిపడ్డాయి. నాగాయలంక దగ్గర పల్లె మాది. చర్చి వెనక పాకలోనే బడి. నూటికి పది అంటే ఎన్నో వంతని మాస్టారు అడగ్గానే, పలక ముట్టకుండా "పదో వంతండీ" అన్నాం. పది కుంచాలు కొలిస్తే ఒక కుంచం దేవుడిదని చర్చికి తీసిపెట్టే ఇళ్ళు మావి. కూలికి వచ్చిన గింజల్లోంచి కూడా మా అమ్మ అలాగే తీసేది. మాస్టారు మురిసిపోయారు.

మా కొంప ముంచింది ఆ తేలికే. నూటికి పది పదో వంతయితే నూటికి ఐదు ఐదో వంతు, నూటికి నాలుగు నాలుగో వంతు అని మాకు మేమే సూత్రం కట్టేసుకున్నాం. సముద్రం మీద వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలిద్దరికి ఈ దేవుడి వంతు గొడవ లేదు. వాళ్ళు బుద్ధిగా కింద వంద వేసి కొట్టివేతలు చేసుకునేవాళ్ళు. వాళ్ళని చూసి మేం నవ్వాం కూడా.

నాకేమో బందరు బోర్డింగులో ఆరో తరగతి చదవాలని ఆశ. "లెక్కల్లో మాస్టారు సరేనంటే పంపుతా. లేదంటే ఈ ఏటినుంచే అమ్మతో నాట్లకి దిగు" అన్నాడు నాన్న. అన్నమాట తప్పే మనిషి కాదు. చేలో జలగలంటే నాకు చచ్చేంత భయం.

ఆ సంగతి తేల్చుకోడానికి నాన్న బడికొచ్చిన రోజు, మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. నూటికి ఐదు అడిగితే, తడుముకోకుండా ఒకటి కింద ఐదు వేశాను.

"పక్కన నూటికి పది కూడా వెయ్యమ్మా" అన్నారు మాస్టారు.

ఒకటి కింద పది వేసి రెంటినీ చూశాను. ఐదు కుంచాలకి ఒకటి, పది కుంచాలకి ఒకటి. అంటే నూటికి ఐదిచ్చేవాడు, నూటికి పదిచ్చేవాడికంటే రెట్టింపు గింజలు కొలుస్తున్నాడు. ఐదంటే పదిలో సగం కదా. పది కుంచాలకి అరకుంచం, ఇరవైకి ఒకటి. ఐదు చెరిపేసి ఇరవై వేశాను.

"మరి నూటికి రెండున్నర?"

"అందులో సగమండీ. నలభయ్యో వంతు."

"నూటికి నాలుగు?"

ఇక్కడ సగాలు పనికిరాలేదు. నేను చూసి నవ్విన ఆ పిల్లల్లాగే కింద వంద వేసి కొట్టేశాను. ఇరవై ఐదో వంతు తేలింది.

మాస్టారు నాన్న వైపు తిరిగి "పంపవయ్యా, ఫర్వాలేదు" అన్నారు. తర్వాత ఎన్నో పరీక్షలు గట్టెక్కాను గానీ అంత హాయి మళ్ళీ ఎరగను. గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "బందర్లో నీకు జడ ఎవరేస్తారే?" అన్నాడు.

నేనే వేసుకుంటానన్నాను. అప్పటికి నాకు జడ వేసుకోవడం రాదు.