కోడిపెంట అడిగిన మేడం

ఆ రోజుల్లో మిర్యాలగూడ గ్రంథాలయంలో ఏది చదివినా, లోకంలో అది మొదట తెలిసింది నాకేనన్న నమ్మకం ఉండేది. డిగ్రీ మధ్యలో మానేసి, వేములపల్లి దగ్గర మా మేనమామ కోళ్ల షెడ్డులో పని చేస్తూ సాయంత్రాలు సైన్సు పత్రికల మీద పడేవాణ్ణి. పశువుల డాక్టరు రాసిన మందు వేస్తున్నా, ఆ యేడు కోడిపిల్లలు నెత్తురు పారుకుంటూ చచ్చిపోసాగాయి. ఈ బ్యాచ్ కూడా పోతే షెడ్డుకు తాళమేనన్నాడు మామ. పేగుల్లో చేరే ఒక పరాన్నజీవి వల్ల అలా అవుతుందనీ, దాని జన్యువులను అక్షరం అక్షరం చదివే పనిలో హైదరాబాదులో ఒక ప్రయోగశాల ఉందనీ పత్రికలో చూసి నేనే ఫోన్ చేశాను. ఒక మేడం వస్తానన్నారు. రోగాన్ని చదివేస్తే రోగం ఖతమేనని మామకు భరోసా కూడా ఇచ్చేశాను (చదువంటే నాకంత గౌరవం).

అంత చదువుకున్న మనిషి వస్తుంటే షెడ్డును అలా వదిలేస్తామా? పొద్దున్నే తడి ఊకంతా పెంటతో సహా ఎత్తి పొలానికి తోలించాం. మిల్లు నుంచి కొత్త ఊక తెచ్చి పరిచాం, సున్నం చల్లాం, గుమ్మానికి మామిడాకులు కట్టాం. మేడం లోపలికి వచ్చి, పెళ్లిపందిరిలా ఉన్న షెడ్డును కలియజూసి, సంచిలోంచి, నమూనా చెడిపోకుండా దాచే నారింజరంగు నీళ్లున్న సీసా తీసి మెల్లగా అడిగారు.

"పెంట ఏదండీ?"

జన్యువుల చదువంటే మెరిసే యంత్రాల దగ్గర మొదలవుతుందనుకున్నాను. ఆ జీవి గుడ్లు రోగమున్న కోడి పెంటలోనే దొరుకుతాయట (ఏ పత్రికా ఈ ముక్క రాయలేదు). మామ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇన్నొద్దులు సదివినవ్ గద అల్లుడా, ఇగ కోళ్ల ఎనక కూసో."

చెంచా పట్టుకుని కోడిపిల్లల వెనక పాకి పాకి, మధ్యాహ్నానికి సీసాకు సరిపడా తెచ్చాను. రోగాన్ని ఖతం చేసే కొత్త మందు ఎప్పుడొస్తదని మామ ఆశగా అడిగాడు. చదవడానికే ఏళ్లు పడుతుందనీ, మందు సంగతి చెప్పలేననీ ఆమె అనేసరికి మామ ముఖం పాలిపోయింది. ఆమె కొత్త ఊకను గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూశారు.

"దీన్ని ఇలాగే పొడిగా ఉంచండి. తడిలోనే ఆ జీవి బలపడుతుంది. డాక్టరు రాసిన మందు ఆపకండి."

పిల్లలు చాలావరకు నిలిచాయి. షెడ్డుకు తాళం పడలేదు. మామ మాత్రం సూర్యాపేటలో పెళ్లికి వెళ్లినా, "మా అల్లుడు జన్యువులు సదివి కోళ్లను బతికిచ్చిండు" అని చెప్పేవాడు. నేను గంభీరంగా తలూపేవాణ్ణి. కొన్నేళ్లకు కోదాడలో బస్సు కోసం నిలబడి పేపరు తిరగేస్తుంటే, ఆ జీవి జన్యువులను శాస్త్రవేత్తలు పూర్తిగా చదివేశారన్న వార్త కనిపించింది. అప్పటికే వాటిని చదివేసినవాడిగా మూడు ఊళ్లలో పేరు తెచ్చుకున్న అప్పటి నాలోని కుర్రాడు గుర్తొచ్చి, వాణ్ణి కోప్పడాలో ముద్దు చేయాలో తెలియక, బస్సు వెళ్లిపోతున్నా నవ్వుతూ నిలబడిపోయాను.