రొయ్యల పెట్టెలో కేసెట్లు

భీమవరం సెంటర్లో ఇవాళ థర్మాకోల్ పెట్టె ఒకటి కిర్రుమంటే మా నాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. మీ కార్లలో కేసెట్లు ఎక్కడ పెట్టేవారండీ? మా కార్లో అయితే రొయ్యల పెట్టెలో, అదే, ఐసు వేసి రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలో! నాన్నగారు దాన్ని శుభ్రంగా కడిగి, లోపల గళ్ళు చేసి, వెనక సీట్లో పెట్టారు. మండుటెండలో మూత తీసినా కేసెట్లు చల్లగా ఉండేవి. ఒకటి చెంపకి ఆనించుకుని, ఇదేం మాయో అనుకునేదాన్ని.

"దేవుడి పాటలు నీచు పెట్టెలోనా?" అని నాయనమ్మ తన కేసెట్లని ముందు అద్దం దగ్గర పెట్టించింది. పాలకొల్లు గుడికెళ్ళి వచ్చేసరికి వాటిలో ఒకటి ఎండకి పాడై, పాట మూలుగులా సాగింది. నాయనమ్మ ఆ కేసెట్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రొయ్యని పుట్టించిందీ ఆయనే కదరా," అంది చివరికి నాన్నగారితో.

మర్నాడు కారెక్కితే ఆ పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. మూత తీశాను. నాయనమ్మ దేవుళ్ళు లోపల చల్లగా ఉన్నారు.